మృగశిర రాకముందే మిద్దె మీది డిష్ సరిచూసుకోండి

కేబుల్ మానేసి, నెలనెలా బిల్లు లేని డీడీ ఫ్రీ డిష్ పెట్టించుకోవాలనుకునే వాళ్లు ఆ పని రోహిణి కార్తె లోపలే ముగించుకోవాలి. మృగశిర మొదలైందంటే రాయలసీమలో గాలి లేస్తుంది, ఆషాఢం వెళ్లేదాకా తగ్గదు. ఉరవకొండ, బెళుగుప్ప వైపు అన్ని గాలిమరలు నిలబెట్టింది ఊరికే కాదు. ఆ గాలే మిద్దె మీద వదులుగా బిగించిన డిష్‌నూ తిప్పేస్తుంది. ఇప్పటికే డిష్ ఉన్నవాళ్లు కూడా గాలి రాకముందే ఒకసారి పైకెక్కి చూసుకోవడం మంచిది. బొమ్మ పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. హోరుగాలిలో, కరెంటు తీగల పక్కన నిలబడి దాన్ని సరిచేయబోయి మనిషి పడిపోతే ఆ నష్టం పూడ్చలేం. అందుకే తీగల సంగతి ముందు చెబుతాను.

కర్నూలు పాతబస్తీలోనూ, కడప సందుల్లోనూ 11 కేవీ (అంటే 11 వేల వోల్టుల) తీగలు పై అంతస్తుకు చాలా దగ్గరగా వెళుతుంటాయి. నిబంధనల ప్రకారం ఆ తీగకూ భవనానికీ మధ్య అడ్డంగా 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు ఖాళీ ఉండాలి. కానీ లైను ముందు వచ్చి, అంతస్తు తర్వాత లేచిన ఇళ్లలో ఆ ఖాళీ మిగలదు. ఈ తీగలకు పైతొడుగు ఉండదు. ఇనుప పైపు తగిలితే పట్టుకున్నవాళ్లు బతికి బయటపడటం అరుదు. కాబట్టి ఒక్క నియమం పెట్టుకోండి: మీ చేతిలోని పైపు ఏ పక్కకు ఒరిగినా, దాని పూర్తి పొడవులో తీగ తగలకూడదు. తగిలే అవకాశం ఉంటే ఆ చోటు వదిలేసి మిద్దెకు రెండో వైపు చూడండి. తప్పనిసరిగా అక్కడే పని చేయాలంటే 1912కు ఫోన్ చేసి విద్యుత్ సిబ్బందితో సరఫరా ఆపించాకే మొదలుపెట్టాలి. ఇంటికి వచ్చే సర్వీసు వైరుకు డిష్ కేబుల్‌ను కట్టకండి. ఎండకు దాని తొడుగు పగిలి ఉంటే ఆ కరెంటు నేరుగా మీ టీవీ దాకా వస్తుంది. కేబుల్ వాళ్ల పాత వైరు స్తంభానికీ ఇంటికీ మధ్య వేలాడుతుంటే మీరు లాగకండి, తీసుకెళ్లమని వాళ్లకే చెప్పండి.

చాలా మిద్దెల మీద ఇప్పటికీ పాత అల్యూమినియం యాంటెన్నాలు పొడవాటి పైపుల చివర నిలబడి ఉన్నాయి. దూరదర్శన్ తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2021, 2022 సంవత్సరాల్లో దాదాపు అన్నిచోట్లా మూసేసింది. నేల మీది ట్రాన్స్‌మిటర్ల నుంచి వచ్చే డిజిటల్ ప్రసారం కొన్ని పెద్ద నగరాలకే పరిమితం. అంటే మన జిల్లాల్లో ఆ యాంటెన్నా పట్టేదేమీ లేదు. తుప్పు పట్టి గాలికి ఊగుతూ, పిడుగును పిలుస్తూ ఉండటం తప్ప దానికి ఇప్పుడు వేరే పని లేదు. గాలి లేని ఉదయం ఇద్దరు కలిసి, పైభాగాన్ని తాడుతో కట్టి పట్టుకుని నెమ్మదిగా దించేయండి.

ఆ యాంటెన్నాల కాలం నుంచి మనకొక అలవాటు మిగిలిపోయింది. ఎంత ఎత్తులో పెడితే అంత బాగా వస్తుందని నమ్ముతాం. డిష్‌కు ఎత్తు అక్కరలేదు. దానికి కావలసింది ఒక దిక్కున తెరపి ఉన్న ఆకాశం, అంతే. ఫ్రీ డిష్ చానళ్లు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. అది భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. కర్నూలు నుంచి చూస్తే ఉత్తరం నుంచి సవ్యదిశలో సుమారు 135 డిగ్రీలు, కడప నుంచి 134, అనంతపురం నుంచి 132. మూడు ఊళ్లకూ అది ఆగ్నేయమే. వాస్తు ప్రకారం కట్టిన ఇల్లయితే వంటగది ఉన్న మూల వైపు అన్నమాట. ఫోన్‌లో దిక్సూచి చూసేటప్పుడు ఇనుప పైపుకు నాలుగడుగుల దూరంలో నిలబడండి, లేకపోతే ముల్లు తప్పు చూపిస్తుంది.

ఇక ఎత్తు కోణం 64 నుంచి 66 డిగ్రీలు, అంటే ఉపగ్రహం దాదాపు నడినెత్తికి దగ్గరగా ఉన్నట్టే. డిష్ ముఖం చూస్తే అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కాడ చివర ఉండి సిగ్నల్ అందుకునే భాగం) కిందికి ఉండేలా చేసిన డిష్‌లలో ముఖం కనిపించేదానికన్నా చూపు ఇరవై అయిదు డిగ్రీల దాకా పైకి ఉంటుంది. దీనివల్ల మనకో మేలు ఉంది. ఎదురుగా ఉన్న అడ్డు డిష్‌కన్నా ఎంత ఎత్తుందో చూసి, అందులో సగం దూరం కన్నా కాస్త ఎక్కువ జరిగితే చాలు. పక్కింటి వేపచెట్టు డిష్‌కన్నా ఆరు మీటర్లు ఎత్తుంటే, చివరి కొమ్మకు మూడున్నర మీటర్ల ఇవతల డిష్ పెట్టుకోవచ్చు. పిట్టగోడ అసలు అడ్డే కాదు. కాబట్టి పది అడుగుల పైపు నిలబెట్టి దాని మీద డిష్ ఎక్కించమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పైపు పొడవు పెరిగే కొద్దీ గాలికి ఊగుతుంది, తీగలకు దగ్గరవుతుంది, పిడుగుకు అందుతుంది.

మన మిద్దెల మీద అన్నిటికన్నా మంచి చోటు మెట్ల గదికి తూర్పు గోడ. ఆషాఢ గాలి పడమర, నైరుతి నుంచి కొడుతుంది. మెట్ల గది దాన్ని అడ్డుకుంటుంది, ఆగ్నేయం తెరిచే ఉంటుంది. మెట్ల గది లేకపోతే పిట్టగోడ చాటున, నేలకు వీలైనంత దగ్గరగా పెట్టండి. అయితే ఒంటి ఇటుక పిట్టగోడకు బోల్టులు బిగించకండి, ఊపుకు ఆ ఇటుకే ఊడివస్తుంది.

బండల మిద్దెల వాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. కడప బండ, బేతంచర్ల బండ రెండూ పొరలు పొరలుగా ఉండే సున్నపురాళ్లు. డ్రిల్లుతో అదరగొడితే ఆ క్షణాన ఏమీ కనిపించదు. వెంట్రుకంత పగులు మొదటి వానకు ఇంట్లోకి కారుతుంది. చౌడు మట్టి పోసిన పాత మిద్దెలో అయితే బోల్టుకు పట్టే దొరకదు. ఇలాంటి చోట్ల రంధ్రం వేయకుండా, వెడల్పాటి ఇనుప చట్రం మీద డిష్ నిలబెట్టి దాని కాళ్ల మీద బరువు పెట్టడమే మేలు. ఆ బరువు ఒక సిమెంటు బస్తాకు, అంటే 50 కిలోలకు తగ్గకూడదు. ప్లాస్టిక్ సంచుల్లో ఇసుక పోసి పెడితే ఎండకు సంచి పిగిలిపోయి ఇసుక జారిపోతుంది. సిమెంటు దిమ్మెలు గానీ, పనికిరాని బండముక్కలు గానీ పెట్టండి. పాత మిద్దెలో ఆ బరువు నడిమధ్య కాకుండా గోడ మీదో దూలం మీదో పడేలా చూడండి.

పెద్ద డిష్ కొంటే వానలో బొమ్మ కాస్త ఎక్కువసేపు నిలుస్తుందన్న మాట నిజమే. కానీ 60 సెంటీమీటర్ల డిష్ స్థానంలో 90 సెంటీమీటర్లది పెడితే గాలికి ఎదురు నిలిచే వైశాల్యం రెండింతలు దాటుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. వాన తక్కువగా, గాలి ఎక్కువగా ఉండే అనంతపురం, కర్నూలు ప్రాంతాలకు చిన్న డిష్‌ను గట్టిగా బిగించుకోవడమే నా సలహా.

బిగింపు ఎంత ముఖ్యమో ఒక లెక్కలో చెబుతాను. 60 సెంటీమీటర్ల డిష్ ఒక అంచు మరో అంచుకన్నా ఒక సెంటీమీటరు వెనక్కి జరిగితే చూపు దాదాపు ఒక డిగ్రీ తప్పుతుంది. ఉపగ్రహం ఉన్న దూరంలో అది 600 కిలోమీటర్ల పైమాటే. అందుకే మొదట పైపు నిలువుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి వేలాడదీసి చూడండి. పైపే ఒరిగితే పైన ఎంత సర్దినా కుదరదు. నట్ల కింద స్ప్రింగ్ వాషర్లు ఉండాలి. ఒక నట్టును పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకుండా, అన్నిటినీ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి. సెట్‌టాప్ బాక్సు మెనూలో సిగ్నల్ బలం, నాణ్యత అని రెండు గీతలు కనిపిస్తాయి. చూడాల్సింది నాణ్యతనే. డిష్‌ను వెంట్రుకవాసి కదిపి మూడు నాలుగు సెకన్లు ఆగితేనే ఆ అంకె మారుతుంది, తొందరపడకూడదు. నాణ్యత బాగా పెరిగాక ఎల్‌ఎన్‌బీని దాని పట్టీలోనే కొంచెం అటూ ఇటూ తిప్పి చూడండి, ఇంకాస్త పెరగవచ్చు. అంతా బిగించాక పైపు మీదుగా క్లాంపు మీదికి పెయింటుతో ఒకే గీత గీయండి. గాలి తర్వాత ఆ గీత రెండు ముక్కలుగా పక్కపక్కకు జరిగి ఉంటే డిష్ తిరిగిందని అర్థం, ఎంత తిరిగిందో కూడా అదే చెబుతుంది. నాణ్యత అంకెను కాగితం మీద రాసి టీవీ వెనక అంటించి పెట్టుకోండి.

ఈ పని చేసేటప్పుడు పైన ఒకరు, కింద టీవీ ముందు ఒకరు ఉంటారు. “అక్కా, వచ్చిందా?” అని అరుస్తూ వెనక్కి అడుగు వేయడం ఎంత ప్రమాదమో పిట్టగోడ లేని మిద్దెల వాళ్లకు తెలుసు. ఫోన్‌లో మాట్లాడుకోండి, మిద్దె అంచుకు వీపు పెట్టి నిలబడకండి. రోళ్లు పగిలే ఎండలివి, ఉదయం తొమ్మిదింటికల్లా దిగిపోవాలి. కళ్లు తిరిగితే పట్టుకోవడానికి మిద్దె మీద ఏమీ ఉండదు.

కేబుల్ చివరలు చాలామంది పట్టించుకోని చోటు. ఆరుబయట నల్లటి తొడుగున్న ఆర్‌జీ-6 కేబుల్ వాడండి, ఇంటి లోపలి తెల్ల కేబుల్ ఎండకు త్వరగా పెళుసవుతుంది. కనెక్టర్ తొడిగేటప్పుడు అల్లిక తీగలన్నీ వెనక్కి మడవాలి. వాటిలో ఒక్క పోగు మధ్య తీగకు తగిలినా సిగ్నల్ పోతుంది, బాక్సు కూడా దెబ్బతినవచ్చు. బాక్సు నుంచి ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు వెళుతుంటుంది కనుక కేబుల్ తీసేముందు, పెట్టేముందు బాక్సు ప్లగ్గు తీసేయాలి. అతుకుల మీద మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే మన వేసవికి జిగురు కరిగి, వానల నాటికి టేపు విప్పుకుంటుంది. సాగదీసి చుడితే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు దొరుకుతుంది. దాన్ని కింది నుంచి పైకి చుట్టండి, అప్పుడు పై వరుస అంచు కింది వరుసను కప్పుతుంది, నీరు జారిపోతుంది. కేబుల్ ఇంట్లోకి దూరేచోట రంధ్రానికి కిందుగా ఒక వంపు వదలండి, నీటిచుక్క అక్కడే రాలిపోతుంది. ఎల్‌ఎన్‌బీ మూతి మీది ప్లాస్టిక్ మూత పగిలిందేమో, కందిరీగ మట్టిగూడు కట్టిందేమో కూడా చూడండి. కడప వైపు అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనం వానలు గట్టిగా పడతాయి కాబట్టి దసరా తర్వాత ఈ అతుకులను మరోసారి చూసుకోవాలి.

పిడుగుల విషయంలో మధ్యే మార్గం లేదు. మబ్బు కమ్ముతుండగానే బాక్సు ప్లగ్గు, టీవీ ప్లగ్గు, డిష్ కేబుల్ మూడూ తీసేయండి. ఉరుములు మొదలయ్యాక వాటిని ముట్టుకోవద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లకన్నా తక్కువ ఉంటే పిడుగు మీ మీదికి రాగల దూరంలోనే ఉన్నట్టు. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మిద్దె ఎక్కకూడదు. దామిని అనే యాప్ మన చుట్టుపక్కల పిడుగుల ముప్పును ముందే చెబుతుంది. డిష్ పైపును ఎర్తింగు రాడ్డుకు మందపాటి తీగతో కలపడం అవసరమే, కానీ నేరుగా పడే పిడుగును అది ఆపలేదు, ప్లగ్గు తీసే పని తప్పదు.

అన్నిసార్లూ మిద్దె ఎక్కాల్సిన పని లేదు. కుండపోత వానలో బొమ్మ పోతే వాన తగ్గగానే అదే వస్తుంది. మార్చి మధ్యలోనూ, సెప్టెంబరు చివరలోనూ కొన్ని రోజులు ఉదయం పదకొండు ప్రాంతంలో కొద్ది నిమిషాలు సిగ్నల్ పోవచ్చు. ఆ వేళకు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఒకటి రెండు చానళ్లు మాత్రమే మాయమైతే అది డిష్ తప్పు కాదు. ఫ్రీ డిష్‌లో చానళ్ల చోట్లను దూరదర్శన్ వేలం వేస్తుంది కాబట్టి జాబితా మారుతూ ఉంటుంది. బాక్సులో చానళ్లను మళ్లీ వెతికించండి. బొమ్మను కుదించి పంపే పద్ధతుల్లో ఎంపెగ్-2 పాతది, ఎంపెగ్-4 కొత్తది. మీ బాక్సు పాత ఎంపెగ్-2 రకమైతే ఎంపెగ్-4లో వచ్చే చానళ్లు అందులో రావు. కేబుల్ తీసేయకముందే మీ ఇంట్లో చూసే తెలుగు చానళ్లు ఆ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోవడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని.

చానళ్లు మాయమైన రోజుల్లో “మీ ఫ్రీ డిష్ రీచార్జి అయిపోయింది, ఓటీపీ చెప్పండి” అని ఫోన్ వస్తే నమ్మకండి. ఫ్రీ డిష్‌కు రీచార్జి అన్నదే లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి. ఒకవేళ డబ్బు పోతే ఆ గంటలోనే 1930కు ఫోన్ చేయండి.