ట్రావెలర్ ఆటలోకి నిజమైన ఆకాశం: నక్షత్ర పటాన్ని మూడు కొలతల్లోకి మార్చే పద్ధతి

సింహరాశిలో వోల్ఫ్ 359 అనే చిన్న ఎర్ర నక్షత్రం ఉంది. సప్తర్షి మండలంలో లాలాండ్ 21185 అనే మరొకటి ఉంది. రెండూ మామూలు కంటికి ఆనవు. సూర్యుడి ఇరుగుపొరుగుతో ట్రావెలర్ ఆట (ఓడల్లో నక్షత్రాల మధ్య తిరిగే పాత్రలుగా బల్ల చుట్టూ కూర్చుని ఆడేది) నడిపిద్దామని పటం గీస్తే, ఈ రెండూ వచ్చి ఒకే గడిలో పడ్డాయి. కాగితం మీద వాటి మధ్య దూరం 0.34 పార్సెక్కులు (ఒక పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు), అసలు దూరం 1.25. తేడా అంతా ఎత్తులో ఉంది, కాగితానికేమో ఎత్తు లేదు. "ఒకే గడిలో ఉంటే జంప్ లేకుండానే వెళ్లిపోవచ్చా పిన్నీ?" అని మా అక్క కొడుకు అడిగాడు. జంప్ అంటే ఆటలో ఓడ ఒక నక్షత్రం నుంచి మరో నక్షత్రానికి ఒక్క విడతలో వేసే గెంతు. గుంటూరులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే నేను ఆ ప్రశ్నను దాటవేయలేకపోయాను. మూడు నెలలు కూర్చుని ఆటను మూడు కొలతల్లోకి మార్చాను. రెండేళ్లుగా ఆదివారాలు అలాగే ఆడుతున్నాం. ఆ పద్ధతి ఇది.

ఆట తెలియనివారికి కొద్దిగా చెబుతాను. మార్క్ మిల్లర్ రూపొందించిన ట్రావెలర్‌ను అమెరికాలోని గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ 1977లో విడుదల చేసింది. పటం మీద తేనెపట్టులాగా ఆరు భుజాల గడులుంటాయి. ఒక్కో గడి ఒక పార్సెక్. అడ్డంగా 8, నిలువుగా 10 గడులు కలిస్తే ఒక సబ్‌సెక్టార్. గడిలో లోకం ఉందా లేదా అన్నది పాచిక చెబుతుంది. 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే ఉన్నట్టు. అంటే సగం గడులు నిండుతాయి. ఓడ ఇంజన్‌ను బట్టి జంప్ 1 నుంచి 6 గడుల వరకు ఉంటుంది. ఎంత దూరమైనా ప్రయాణం సుమారు వారం. ఇంధనం మాత్రం జంప్ అంకె ఒకటి పెరిగినప్పుడల్లా ఓడ పరిమాణంలో మరో పదో వంతు తినేస్తుంది.

చాలామంది ముందుగా పటం మీద పడతారు. నా మాట విని ముందు జంప్ సంగతి చూడండి. ఆట పాడయ్యేది అక్కడే.

గడుల పటంలో జంప్ 1 ఓడకు చుట్టూ ఆరు గడులు అందుతాయి, సగటున మూడు లోకాలు. జంప్ 2కి తొమ్మిది, 3కి పద్దెనిమిది, 4కి ముప్పై, 5కి నలభై అయిదు, 6కి అరవై మూడు. ఇప్పుడు నిజమైన ఆకాశాన్ని చూడండి. సూర్యుడికి 10 పార్సెక్కుల లోపల ఉన్నవాటిని ఖగోళ శాస్త్రజ్ఞులు 2021లో జాబితా కట్టారు. గోధుమ మరుగుజ్జులతో (నక్షత్రంగా వెలిగేంత బరువు లేనివి) కలిపి 339 నక్షత్ర వ్యవస్థలు. గోళం ఘనపరిమాణం వ్యాసార్ధపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఒక పార్సెక్ లోపల దొరికేవి అందులో వెయ్యో వంతు, అంటే 0.34. రెండింటి లోపల 2.7. ఆరింటి లోపల 73. పాత నియమాలే ఉంచితే జంప్ 1 సరుకు ఓడ ఏ లోకానికీ చేరలేక రేవులోనే తుప్పు పడుతుంది, జంప్ 6 ఓడకేమో అసలు ఆటలో ఉన్నవాటికంటే ఎక్కువ లోకాలు అందుతాయి. ఆటలో డబ్బంతా చిన్న సరుకు ఓడ చుట్టూ తిరుగుతుంది. దాన్ని చంపితే ఆటే లేదు.

అందుకే ప్రశ్నను తిరగేశాను: అన్నే లోకాలు అందాలంటే జంప్ ఎంత దూరం వెళ్లాలి? లోకాల సంఖ్యను 339తో భాగించి, ఘనమూలం తీసి, పదితో గుణించాలి. జంప్ 1కి 2.1 పార్సెక్కులు వచ్చింది. 2కి 3.0, 3కి 3.8, 4కి 4.5, 5కి 5.1, 6కి 5.7. ఇంధనం, వారం ప్రయాణం, ఓడల ధరలు ఏవీ ముట్టుకోనక్కరలేదు.

ఈ అంకెల్ని సూర్యుడి మీద పరీక్షించిన సాయంత్రం నాకు బాగా గుర్తు. 2.1 పార్సెక్కుల లోపల ఆల్ఫా సెంటారీ, బార్నార్డ్ నక్షత్రం, లూమన్ 16: సరిగ్గా మూడు. 3.0 లోపల వాటికి తోడు వైజ్ 0855, వోల్ఫ్ 359, లాలాండ్ 21185, సిరియస్, లూటెన్ 726-8, రాస్ 154: సరిగ్గా తొమ్మిది. సగటు లెక్క ఒకచోట ఇంత అచ్చంగా కుదరాలని లేదు. కుదిరింది. లేచి ఇంట్లో అందరికీ చెప్పాను. ఈ లెక్కలో గోధుమ మరుగుజ్జుల్ని వదిలేయకండి. లూమన్ 16 అలాంటి జంటే, అది లేకపోతే సూర్యుడికి జంప్ 1 పొరుగువారు ఇద్దరే.

ఇక నిరూపకాలు. ప్రతి నక్షత్రానికీ మూడు సంగతులు దొరుకుతాయి: విషువాంశ (ఆకాశంలో తూర్పు పడమరల కొలత), క్రాంతి (ఉత్తర దక్షిణాల కొలత), దూరం. విషువాంశ గంటల్లో ఉంటుంది. 15తో గుణిస్తే డిగ్రీలు. దూరాన్ని క్రాంతి కొసైన్‌తోనూ, విషువాంశ కొసైన్‌తోనూ గుణిస్తే x. చివరి కొసైన్ బదులు సైన్ వాడితే y. దూరాన్ని క్రాంతి సైన్‌తో గుణిస్తే z, అదే ఎత్తు. స్ప్రెడ్‌షీట్‌లో చేసేవారు డిగ్రీల్ని రేడియన్లలోకి మార్చడం మరవద్దు. సిరియస్‌తో సరిచూసుకోండి: పార్సెక్కుల్లో -0.49, 2.48, -0.76 వస్తే మీ సూత్రం సరైనదే. ఇదంతా వద్దనుకుంటే, ఉచితంగా దొరికే హెచ్‌వైజీ నక్షత్రాల పట్టికలో x, y, z పార్సెక్కుల్లోనే ఉంటాయి. నేను మాత్రం చేత్తో చేశాను, పిల్లలతో చేయించాను.

రెండు నక్షత్రాల మధ్య దూరానికి మూడు తేడాలూ తీసి, వర్గాలు కలిపి, వర్గమూలం తీయాలి. వోల్ఫ్ 359ది (-2.30, 0.66, 0.29), లాలాండ్‌ది (-2.00, 0.51, 1.50). తేడాలు 0.30, 0.15, 1.21. వర్గాల మొత్తం 1.58 దాకా వస్తుంది; వర్గమూలం 1.25కి కాస్త అటూ ఇటూ. ఆ మొత్తంలో దాదాపు అంతా మూడో తేడా నుంచే వచ్చిందని గమనించండి.

ఈ లెక్కను ఆట మధ్యలో ఎవరి చేతా చేయించకండి. యాభై వ్యవస్థలంటే 1225 జతలు. కంప్యూటర్ ముందే చేసి పెడుతుంది. ఒక్కో నక్షత్రానికి పోస్టుకార్డంత అట్టముక్క తీసుకుని, దాని నుంచి 5.7 లోపల ఉన్నవాటి పేర్లు, దూరం, జంప్ అంకె రాయండి. దూరం దశాంశాలతోనే ఉంచండి. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే పట్టిక అర్థం పోతుంది. ఆటగాళ్ల చేతిలో ఉండేది తాము ఉన్న నక్షత్రం కార్డు ఒక్కటే. దారి వెతకడానికి అది చాలు.

చూడటానికి మాత్రం నమూనా కావాలి. కొబ్బరి ఈనెల చీపురు, 25 సెంటీమీటర్ల థర్మోకోల్ పలక, రంగు పూసలు తెచ్చుకోండి. రెండు సెంటీమీటర్లు ఒక పార్సెక్. సూర్యుడి పూసను పలక మీద నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే, అయిదు పార్సెక్కుల కిందున్న నక్షత్రం కూడా పలక దాటి దిగదు. పుల్ల ఎత్తు: z రెట్టింపుకు 10 కలపాలి, గుచ్చడానికి మరో రెండు సెంటీమీటర్లు అదనంగా ఉంచి కత్తిరించాలి. అయిదు పార్సెక్కుల గోళానికి యాభై దాకా పుల్లలు పడతాయి. ఎర్ర పూసలు ఎక్కువ కొనండి, ఎందుకంటే నక్షత్రాల్లో నాలుగింట మూడొంతులు ఎర్ర మరుగుజ్జులే, అంటే చిన్న ఎర్ర నక్షత్రాలే. సిరియస్‌కు తెల్లపూస. జంప్ 1 దూరంలో ఉన్నవాటిని దారంతో కలపండి. ఏ నక్షత్రం కూడలిగా ఉందో, ఏది మూలన పడిందో అప్పుడు కళ్లకు కడుతుంది.

ఈ దారాల వల్లే కథ పుడుతుంది. గేమ్ డిజైనర్స్ వర్క్‌షాపే 1986లో తెచ్చిన ట్రావెలర్: 2300 అనే ఆటలో నిజమైన నక్షత్రాల పటమే వాడారు. ఓడ ఒక్క విడతలో 7.7 కాంతి సంవత్సరాలు దాటకూడదన్న ఒక్క నియమంతో ఫ్రెంచి, చైనా, అమెరికా వలసలు మూడు వేర్వేరు కొమ్మలుగా సాగాయి. నిజమైన దూరాలకు ఒక హద్దు పెడితే సరిహద్దులు వాటంతటవే వస్తాయి.

సొంత నక్షత్రాలు కావాలనుకుంటే ఇంకా సులువు. అడ్డం 10, నిలువు 10, ఎత్తు 5 పార్సెక్కుల పెట్టెలో అదే సాంద్రతతో 40 వ్యవస్థలు పడతాయి. పాత సబ్‌సెక్టార్‌లోనూ సగటున 40 లోకాలే. పది ముఖాల పాచికలు రెండు వేసి 0.0 నుంచి 9.9 వరకు x, అలాగే y తీయండి. మూడోసారి వచ్చినదాన్ని సగం చేస్తే z. లోకాల వివరాలకు ఆట పుస్తకంలోని పద్ధతే వాడుకోండి. ఒక్కటే మార్పు చెబుతాను: ఆటలో ఓడలు ఇంధనం తోడుకునే పెద్ద వాయుగ్రహాలు ఎర్ర మరుగుజ్జుల దగ్గర అరుదు, కాబట్టి అక్కడ ఇంధనం మంచు గోళాల నుంచి తీసుకోనివ్వండి. అందుకు మేం ఒక రోజు అదనంగా లెక్కిస్తాం.

నమూనా పూర్తయిన రోజున మా వాడు ముందుగా వెతికింది ఆ రెండు ఎర్ర నక్షత్రాల్నే. పలక మీద పుల్లలు రెండూ ఏడు మిల్లీమీటర్ల దూరంలో, దాదాపు ఆనుకుని ఉన్నాయి. ఒక పూస 10.6 సెంటీమీటర్ల ఎత్తులో, రెండోది 13లో. స్కేలు తెచ్చి పూస నుంచి పూసకు ఏటవాలుగా పెట్టి కొలిచాడు. రెండున్నర సెంటీమీటర్లు. దారం కట్టి, లాలాండ్ కార్డు చేతిలోకి తీసుకుని, "వారం గడిచింది, దిగుతున్నాం" అన్నాడు.