శాప్‌లో బ్యాక్‌గ్రౌండ్ జాబులు – మూడో పాఠం: రోజువారీ నివేదికను షెడ్యూల్ చేయడం

సంస్థల వ్యవహారాలు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన శాప్‌లో, గత పాఠంలో బకాయిల నివేదికకు తేదీ లాంటి ఎంపికలను భద్రపరిచే ఒక వేరియంట్‌ను తయారుచేసి, దాన్ని స్వయంగా నడిపి ఫలితాన్ని సరిచూసుకున్నాం. ఈసారి అదే నివేదిక ప్రతిరోజూ తెల్లవారుజామున 2 గంటలకు ఎవరి ప్రమేయమూ లేకుండా తయారయ్యేలా, జాబులను షెడ్యూల్ చేసే తెర అయిన ఎస్‌ఎం36లో జాబుగా అమర్చుకుందాం.

అయితే ఎస్‌ఎం36 తెరవడానికి ముందే వేరియంట్‌లోని తేదీని మరొకసారి చూడాలి. అక్కడ నిన్నటి తేదీని నేరుగా టైపు చేసి భద్రపరిచి ఉంటే, జాబు ఎన్ని నెలలు నడిచినా ఆ ఒక్క తేదీ లెక్కనే తీస్తూ ఉంటుంది. పైగా పని పూర్తయిందనే శాప్ చెబుతుంది గనుక లోపం ఎక్కడా బయటపడదు. మధ్యలో ఆగిపోయిన జాబు కన్నా ఇదే ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే ఆగిన జాబును ఎవరో ఒకరు గమనిస్తారు గానీ, పాత తేదీతో సాఫీగా నడిచే జాబు ఇచ్చిన అంకెలను అందరూ నమ్మి వాటిపైనే నిర్ణయాలు తీసుకుంటారు. అందుచేత వేరియంట్ అట్రిబ్యూట్స్ తెరలో ఆ తేదీ గడికి సెలెక్షన్ వేరియబుల్‌గా ‘డి’ని ఎంచుకుని, నడిచే రోజు తేదీలోంచి ఒక రోజు తగ్గించే డైనమిక్ లెక్కను ఇవ్వండి. మర్నాడు వేరియంట్‌ను మళ్లీ తెరిచి, తేదీ దానంతటదే మారిందని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లండి. ఒక రోజు ఆలస్యమైనా ఫరవాలేదు.

ఇక ఎస్‌ఎం36. జాబు పేరుకు 32 అక్షరాల వరకు చోటుంది కాబట్టి ఏ విభాగానిదో, ఏం చేస్తుందో, ఎంత తరచుగా నడుస్తుందో తెలిసే పేరు పెట్టండి. జాబ్ క్లాస్‌ను ‘సి’గానే ఉంచండి, అన్నిటికన్నా ముందు నడవాల్సిన పనులకు కేటాయించిన ‘ఎ’ ఒక నివేదికకు అక్కరలేదు.

జాబులో నడిచే ఒక్కో పనిని స్టెప్ అంటారు. స్టెప్‌లో ప్రోగ్రామ్ పేరు, వేరియంట్‌తో పాటు యూజర్ గడి ఉంటుంది. అందులో మీ సొంత పేరే ఉండిపోతే, మీరు సంస్థను విడిచాక అడ్మినిస్ట్రేటర్ మీ ఖాతాను లాక్ చేసిన రోజున జాబు కూడా రద్దవుతుంది. కనుక ఇలాంటి పనులకోసమే సృష్టించిన ‘సిస్టమ్’ రకపు యూజర్‌ను అడిగి తీసుకోండి. ఆ పేరును మీరు వాడాలంటే ఎస్_బీటీసీహెచ్_ఎన్ఏఎం అనే అధికారం ఉండాలి.

స్టార్ట్ కండిషన్‌లో తేదీ, 02:00 సమయం ఇచ్చి, పీరియాడిక్ జాబ్‌ను టిక్ చేసి, ‘డైలీ’ ఎంచుకుంటే చాలు. షెడ్యూలర్ మామూలుగా 60 సెకన్లకోసారి మాత్రమే వేచి ఉన్న జాబులను చూస్తుంది కాబట్టి, లాగ్‌లో కొన్ని సెకన్ల తేడా కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. ఈ నివేదికకు ముందు మరో ప్రోగ్రామ్ ముగియాల్సి ఉంటే, దానికి అరగంట పడుతుందని ఊహించి రెండో జాబును 2.30కు పెట్టే అలవాటు మంచిది కాదు. డేటా పెరిగిన రాత్రి ఆ అరగంట సరిపోదు. రెండింటినీ ఒకే జాబులో వరుస స్టెప్పులుగా ఇస్తే, మొదటిది విఫలమైనప్పుడు రెండోది అసలు మొదలవదు.

భద్రపరిచాక, జాబుల స్థితిని చూపే తెర అయిన ఎస్‌ఎం37లో స్థితి ‘రిలీజ్డ్’ అని ఉండాలి. ‘షెడ్యూల్డ్’ దగ్గరే ఆగి ఉంటే ఆ జాబు ఎన్నటికీ మొదలవదు. స్టార్ట్ కండిషన్ ఇవ్వడం మరిచిపోయారో, రిలీజ్ చేసే అధికారం మీకు లేదో చూసుకోండి. మర్నాడు అదే పేరుతో ఒకటి ‘ఫినిష్డ్’, మరొకటి ‘రిలీజ్డ్’ కనిపిస్తాయి, ఎందుకంటే జాబు మొదలైనప్పుడల్లా తర్వాతి రోజుకు దాని నకలు తయారవుతుంది. నివేదికను నిలిపివేయదలచుకున్నప్పుడు తొలగించవలసింది ఆ ‘రిలీజ్డ్’ నకలునే. తెల్లవారాక ఫినిష్డ్ వరుసలోని జాబ్ లాగ్‌తో పాటు, నివేదిక ఫలితం భద్రమయ్యే స్పూల్‌ను కూడా తెరిచి, లోపలి తేదీ నిన్నటిదేనా అన్నది వరుసగా మూడు రోజులు సరిచూడండి.

గడియారంతో పని లేకుండా, ఒక ఈవెంట్ రాగానే మొదలయ్యే జాబులు తర్వాతి పాఠంలో.