ఆన్‌లైన్ కాలిక్యులేటర్ చెప్పే కొవ్వు శాతాన్ని ఎంతవరకు నమ్మవచ్చు, ఎలా కొలుచుకోవాలి

శరీరంలో కొవ్వు ఎంత శాతముందో చెప్పే ఆన్‌లైన్ కాలిక్యులేటర్ల విషయంలో పెద్ద పొరపాటు సాధారణంగా సూత్రం దాకా వెళ్లకముందే, నడుం కొలత అడిగే గడిలోనే జరిగిపోతుంది. చాలామంది మగవాళ్లు అక్కడ ప్యాంటు సైజు రాస్తారు. మొదటిసారి నేనూ అదే చేశాను. ప్యాంటు చీటీ మీద 34 అంగుళాలని ఉంది కదా అని దాన్ని 86.4 సెంటీమీటర్లుగా మార్చి, మెడ 36, ఎత్తు 170 అని నింపితే 20.4 శాతమని వచ్చింది. మరునాడు పొద్దున టేపును బొడ్డు మీదుగా చుట్టి చూస్తే 92 సెంటీమీటర్లుంది. ఆ అంకె వేయగానే అదే కాలిక్యులేటర్ 24.3 శాతమంది. ప్యాంటు పొట్ట కింద నిలుస్తుంది కాబట్టి పొట్ట ఎంత ముందుకు వచ్చిందో దానికి తెలియదు. పైగా చీటీ మీద 34 అని ఉన్నా, పట్టీని కొలిస్తే అంతకంటే ఎక్కువే ఉండే ప్యాంట్లు బజారులో కొల్లలు.

కాబట్టి ముందుగా తెలుసుకోవలసింది, మీరు వాడుతున్న కాలిక్యులేటర్ ఏ జాతికి చెందినదన్న సంగతి. అది ఏమేం అడుగుతోందో చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఎత్తు, బరువు, వయసు, ఆడా మగా అన్నవి మాత్రమే అడిగితే అది బీఎంఐ (కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) మీద ఆధారపడినది. వాటిలో ఎక్కువగా కనిపించే సూత్రం నెదర్లాండ్స్‌లో డ్యూరెన్‌బర్గ్ బృందం 1991లో ప్రచురించినది: బీఎంఐని 1.2తో హెచ్చించి, దానికి వయసును 0.23తో హెచ్చించగా వచ్చినదాన్ని కలిపి, మొత్తంలోంచి పురుషులకైతే 16.2, స్త్రీలకైతే 5.4 తీసివేస్తారు. కాగితం మీద రెండు నిమిషాల్లో అయిపోయే లెక్క ఇది. అప్పటికి నా వయసు 35, బరువు 68 కిలోలు, బీఎంఐ 23.5, ఈ సూత్రం ప్రకారం నా కొవ్వు 20.1 శాతం. ఇందులో నా పొట్ట గురించి గానీ, కండ గురించి గానీ ఒక్క ప్రశ్న కూడా లేదన్నది గమనించాలి. ఇదే ఎత్తు, బరువు, వయసు ఉన్న పహిల్వానుకైనా, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగికైనా ఇది చెప్పే జవాబు ఒక్కటే.

మెడ, నడుం కొలతలు కూడా అడిగితే అది దాదాపుగా అమెరికా నౌకాదళపు పద్ధతే. సాన్ డియేగోలోని నౌకాదళ ఆరోగ్య పరిశోధన కేంద్రంలో హాడ్జ్‌డన్, బెకెట్ అనే ఇద్దరు 1984లో దీన్ని రూపొందించారు. పురుషులకు నడుంలోంచి మెడను తీసివేసి, స్త్రీలకు నడుం, పిరుదులు కలిపి అందులోంచి మెడను తీసివేసి, ఆ తేడాకూ ఎత్తుకూ లాగరిథమ్‌లు కట్టి శరీర సాంద్రతను అంచనా వేస్తారు. ఆ సాంద్రతను శాతంగా మార్చేది విలియం సిరి అనే జీవభౌతిక శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం: 495ను సాంద్రతతో భాగించి 450 తీసివేయడం. కొవ్వు సాంద్రత 0.9, మిగతా శరీరానిది 1.1 అన్న ఊహ మీద ఆ సూత్రం నిలబడింది. ఎముక దిట్టంగా ఉన్నవారికీ, వయసు మీద పడి ఎముక పలచబడినవారికీ కూడా అదే 1.1 అనుకోవడం వల్ల ఆ మేరకు తప్పు పడుతుంది. అంటే తెరమీద కనబడే అంకె ఒక అంచనా మీద కట్టిన ఇంకొక అంచనా. దశాంశ స్థానం దాకా చూపించినంత మాత్రాన దానికి కొత్తగా ఖచ్చితత్వం రాదు.

ఎంత తప్పు పడుతుందంటే, కొలతలు సరిగ్గా తీసినా నౌకాదళ పద్ధతిలో ప్రామాణిక దోషం సుమారు 3.5 శాతాంశాలు. దీని అర్థం, ప్రతి ముగ్గురిలో ఇద్దరికి అసలు విలువ అటూ ఇటూ మూడున్నర లోపల ఉంటుంది, మూడోవారికి అంతకు మించి తేడా ఉంటుంది. నా 24.3ను ఈ వెలుగులో చదివితే అది ఇంచుమించు 21 నుంచి 28 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. చాలా కాలిక్యులేటర్లు ఫలితం పక్కన ఒక పట్టిక కూడా చూపిస్తాయి; అందులో పురుషులకు 18 నుంచి 24 వరకు సగటు, 25 దాటితే ఊబకాయం. నాకు వచ్చిన జవాబు ఆ గీతకు రెండు పక్కలా కాళ్లు చాపి కూర్చుంది. అలాంటప్పుడు "సగటు" అన్న పచ్చరంగు చూసి సంబరపడటానికీ, ఎర్రరంగు చూసి బెంబేలెత్తడానికీ ఉన్న ఆధారం సమానంగా బలహీనమైనదే.

మనవాళ్ల విషయంలో ఇంకొక చిక్కుంది. ఈ సూత్రాలలో ఎక్కువ భాగం ఐరోపా, అమెరికా దేశస్థుల శరీరాల మీద తయారైనవి. అదే బీఎంఐ దగ్గర మన శరీరాల్లో కొవ్వు సాధారణంగా ఎక్కువ, కండ తక్కువ. దీన్ని అందరికీ అర్థమయ్యేలా చూపించినది 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక ఫొటో. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. స్కాన్‌లో యుడ్కిన్ కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ కొవ్వు 21.2 శాతం. కాబట్టి బీఎంఐ కాలిక్యులేటర్ మనకు చెప్పే అంకె అసలు కంటే తక్కువగా ఉండే అవకాశమే ఎక్కువ. సన్నని కాళ్లూ చేతులూ, ముందుకు వచ్చిన పొట్ట ఉన్నవారు ఆ రకాన్ని పూర్తిగా పక్కన పెట్టి టేపు పద్ధతినే వాడటం మంచిదని నా అభిప్రాయం.

ఇక కొలిచే పని. టేపుతోనే మొదలుపెట్టాలి. మా ఇంట్లో కుట్టుమిషను సొరుగులో ఏళ్లుగా పడి ఉన్న టేపును స్టీలు స్కేలు పక్కన పరిస్తే, టేపు మీది 100 దగ్గర అసలు పొడవు 101.5 సెంటీమీటర్లుంది. సాగిపోయిన టేపు ఎప్పుడూ మనల్ని సన్నగానే చూపిస్తుంది. 92 ఉన్న నడుం దాని మీద 91 కూడా రాదు. కోఠీలో సాగని ఫైబర్ టేపు చవకగానే దొరుకుతుంది, దాన్ని కూడా ఒకసారి స్కేలుతో సరిచూసుకోవాలి. టైలరు పుస్తకంలోని కొలతలు ఈ పనికి పనికిరావు, ఎందుకంటే ఆయన లూజు కోసం టేపు కింద వేలు పెట్టి కొలుస్తాడు. జాకెట్టు కొలతల్లో నడుం అని రాసేది కూడా జాకెట్టు అంచు దగ్గరిది, అంటే రొమ్ము కిందిది.

పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు, వట్టి ఒంటి మీద కొలవాలి. పురుషులు నడుంను బొడ్డుకు సమానమైన ఎత్తులో, టేపు వెనకవైపు కిందికి జారకుండా అద్దంలో చూసుకుంటూ తీసుకోవాలి. స్త్రీలకు నౌకాదళ సూత్రం అడిగే నడుం బొడ్డు దగ్గరిది కాదు, నడుం అన్నిటికన్నా సన్నగా ఉన్న చోటిది. ఈ తేడా చిన్నదేమీ కాదు: ఎత్తు 155, మెడ 32, పిరుదులు 98 ఉన్న ఒకావిడకు సన్నని చోట 82 అయితే 35.2 శాతం వస్తుంది. పొరపాటున బొడ్డు దగ్గర 86 తీసుకుంటే 37.1 అవుతుంది. పిరుదులను వెడల్పు అత్యధికంగా ఉన్న చోట, పాదాలు దగ్గరగా పెట్టి కొలవాలి. మెడకు టేపును కంఠమణి కిందుగా పెట్టి, ముందువైపు కొద్దిగా కిందికి వాలేలా చుట్టాలి, భుజాలు సడలించి ఉంచాలి. టేపు చర్మాన్ని తాకాలి గానీ నొక్కకూడదు.

అన్నిటికన్నా కష్టమైనది ఊపిరి. ఎవరూ చూడకపోయినా టేపు చుట్టగానే పొట్ట తనంతట తాను లోపలికి పోతుంది. నాకు అలా నాలుగు సెంటీమీటర్లు తగ్గుతుంది. 88 అని నింపితే 21.5 శాతం, అంటే దాదాపు మూడు శాతాంశాలు ఉత్తినే మాయం. దీనికి మందు, మామూలుగా ఊపిరి వదిలి, ఇంకో ఊపిరి తీసుకోబోయే ముందు అంకె చూడటం. ఒక్కో చోట మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి. మూడింటిలో ఏదైనా ఒకటి సెంటీమీటరు మించి తేడా వస్తే దాన్ని వదిలేసి మళ్లీ కొలవాలి. అంగుళాలు, సెంటీమీటర్లలో కాలిక్యులేటర్ ఏది అడుగుతోందో కూడా ఓసారి చూసుకోవాలి.

కొందరికి ఈ పద్ధతి అసలు వర్తించదు. గర్భిణులు, పిల్లలు దీన్ని వాడకూడదు. మెడ లావుగా ఉంటే కొవ్వు తక్కువని సూత్రం అనుకుంటుంది కాబట్టి, థైరాయిడ్ గ్రంథి వాచి మెడ పెరిగినవారికి, మెడకే కొవ్వు పట్టినవారికి అది అబద్ధపు శుభవార్త చెబుతుంది.

జిమ్‌లో యంత్రమెక్కి పట్టీలు పట్టుకుంటే వచ్చే కాగితం కాలిక్యులేటర్ కన్నా నమ్మదగినదని చాలామంది అనుకుంటారు. మా పేటలోని ఒక జిమ్‌లో వరసగా రెండు రోజుల్లో నాకు 27, 23.5 అని రెండు కాగితాలిచ్చారు. అడిగితే రెండోది చూసుకోమన్నారు. ఆ యంత్రం ఒంట్లోంచి స్వల్ప విద్యుత్తును పంపి, ఎంత అడ్డంకి ఎదురైందో చూసి నీటి పరిమాణాన్ని అంచనా వేస్తుంది. కొవ్వు లేని శరీరంలో నీరు 73 శాతమన్న ఊహతో మిగతాది లెక్కిస్తుంది. మే నెల ఎండలో చెమటలు కక్కి, నీళ్లు తాగకుండా ఎక్కితే లేని కొవ్వు ఉన్నట్టు చూపవచ్చు. లీటరు నీళ్లు తాగి వెంటనే ఎక్కినా ఆ కిలో బరువు కొవ్వు ఖాతాలోనే పడవచ్చు. పేస్‌మేకర్ ఉన్నవారు ఆ యంత్రం జోలికి పోకూడదు. ఇంతకన్నా మెరుగైనది కావాలంటే, స్వల్ప మోతాదు ఎక్స్‌రేలతో ఎముక, కొవ్వు, కండలను విడివిడిగా అంచనా వేసే డెక్సా స్కాన్ ఉంది. హైదరాబాదులో ఎముకల సాంద్రత పరీక్షించే డయాగ్నస్టిక్ కేంద్రాల్లో ఆ యంత్రం ఉంటుంది, కానీ మామూలుగా తీసేది వెన్ను, తుంటి మాత్రమే. మొత్తం శరీరపు కొవ్వు, కండల నివేదిక ఇస్తారా అని ముందే ఫోనులో అడిగి వెళ్లాలి. దానికీ ఒకటి రెండు శాతాంశాల తేడా ఉంటుంది.

శాతం మాట ఎలా ఉన్నా, నడుం కొలతకు దానికదే విలువుంది. మన దేశపు వైద్యనిపుణులు 2009లో ఖరారు చేసిన హద్దులు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు. ఈ హద్దుకు కొలిచే చోటు మళ్లీ వేరు: చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్య. ఈ కొలతను పుస్తకంలో విడిగా రాసుకోవాలి, కాలిక్యులేటర్ గడిలో వేయకూడదు.

కాలిక్యులేటర్‌ను ఒకదాన్నే ఎంచుకుని, నెలకొకసారి, అదే టేపుతో, అదే వేళకు, స్త్రీలైతే నెలసరిలో అదే దశలో చూసుకుంటే, సూత్రంలోని తప్పు ప్రతిసారీ ఇంచుమించు ఒకే వైపు పడుతుంది కాబట్టి మార్పు మాత్రం చాలావరకు నిజమే అవుతుంది. ఇందిరా పార్కులో నాలుగు నెలలు నడిచాక నా పుస్తకంలో బరువు 68 నుంచి 66.5కు, నడుం 92 నుంచి 89కి దిగింది, మెడ 36 దగ్గరే ఉంది. బీఎంఐ సూత్రం 20.1 నుంచి 19.5కు జరిగి ఊరుకుంది. టేపు సూత్రం 24.3 నుంచి 22.2కు దిగింది. ప్యాంటు చీటీ మీద ఇప్పటికీ 34 అనే ఉంది.