పాత పియానోకి బొమ్మలేసి బయట పెడుతున్నారా?

డ్రాయింగ్ టీచర్లూ, బొమ్మ సంగతి తర్వాత, ముందు ఆ నున్నటి పాలిష్ సంగతి చూడండి. దాని మీద నేరుగా అక్రిలిక్ వేస్తే గోటితో గీకగానే పొరలా లేచొస్తుంది.

మూత, ముందు పలకలు ఊడదీసి దూరంగా పెట్టి ఎమరీ పేపర్‌తో రుద్దండి. పియానో మీదే రుద్దితే పొడంతా లోపల తీగల్ని కొట్టే సుత్తుల్లోకి పోతుంది. రుద్దే ముందే సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో జిడ్డు తుడవాలి, లేదంటే రంగు చుక్కలుగా విడిపోతుంది. 180 నంబరు ఎమరీ పేపర్‌తో మెరుపు పోతే చాలు, చెక్క కనబడక్కర్లేదు. ఆపైన నున్నటి వాటికీ పట్టే ప్రైమర్ ఒక కోటు, రాత్రంతా ఆరనివ్వాలి.

వేళ్లతో నొక్కి వాయించే మెట్లకూ రంగులేద్దామని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. సందులోకి కారిన రంగు పక్క మెట్టుకు అతుక్కుని, నొక్కింది నొక్కినట్టే ఉండిపోతుంది. ఆ సరదా మెట్ల మూత లోపలివైపు తీర్చుకోండి: 52 తెల్ల మెట్లకు ఎదురుగా 52 పిల్లి మొహాలు, ఒక్కోటి ఒక్కోలా నోరు తెరిచి పాడుతూ. మెట్లు మాత్రం మాస్కింగ్ టేపుతో, కాగితంతో కప్పే ఉంచండి.

వెనకున్న పెద్ద పలుచటి చెక్క మోగేది, దానికి రంగు తగలనివ్వద్దు. అక్కడ బొమ్మ కావాలంటే గుడ్డ మీద వేసి, చుట్టూ ఉన్న దిమ్మలకు బిగించండి.

చివర్లో ఎండకు ఆగే వార్నిష్ మూడు పలుచటి కోట్లు. తాకితే ఆరినట్టే ఉంటుంది, కానీ వెంటనే మూత వేస్తే అంచులు అంటుకుపోతాయి. కొన్ని వారాలు మధ్యలో చిన్న ఫెల్ట్ ముక్కలు పెట్టండి.