పడవ కెప్టెన్ లైసెన్సుకు ప్రథమ చికిత్స, 4వ పాఠం: నీళ్లలోంచి తీసిన మనిషికి ముందు ఊపిరి

పోయిన పాఠంలో రక్తం ఆపడం చూశాం. గుడ్డ గట్టిగా నొక్కి పట్టుకోండి అంటే ఆగిందా లేదా అని నిమిషానికోసారి తీసి చూసేవాళ్లు దాన్ని ఇంకోసారి చదివి ఇటు రండి.

ఫ్లోరిడాలో ఉండే మా బామ్మర్ది కోసం మొదలుపెట్టిన పాఠాలు కదా ఇవి, నిన్న రాత్రి ఫోన్లో అతను అడిగింది ముందు తేల్చేస్తాను. "బావా, నా ప్రథమ చికిత్స కోర్సు కార్డు మీద ఇంకా పది నెలల గడువుంది, లైసెన్సుకు చాలదా?" చాలదు. అమెరికా కోస్ట్ గార్డ్ దగ్గర మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్లు, అది ఆరుగురు ప్రయాణికుల వరకు ఎక్కించుకునే చిన్న లైసెన్సైనా సరే, ప్రథమ చికిత్స కోర్సు గడిచిన 12 నెలల్లోపు చేసి ఉండాలి. సీపీఆర్‌కు, అంటే గుండె ఆగినవాడికి ఛాతీ నొక్కి ఊపిరి ఊదే పద్ధతికి, ఆ లెక్క లేదు, సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉంటే చాలు. చిక్కంతా ఇక్కడే ఉంది: రెండూ కలిపి ఒకే కార్డు ఇస్తారు, దాని మీద రెండేళ్ల గడువు చూసి మనవాడు నిశ్చింతగా కూర్చున్నాడు, కానీ కోర్సు చేసి పద్నాలుగు నెలలైంది. సగం కార్డు పనికొస్తుంది, సగం పనికిరాదు. అప్లికేషన్ పెట్టే నెల చూసుకుని కోర్సుకు వెళ్లండి.

ఇక అసలు పని. మామూలుగా గుండె ఆగి పడిపోయినవాడికి మనం ఛాతీ నొక్కడంతో మొదలుపెడతాం. నీళ్లలోంచి తీసినవాడి సంగతి వేరు, వాడికి ముందు ఆగింది ఊపిరి, ఆ తర్వాతే గుండె. అందుకే ముందు ఊపిరి ఊదాలి. పిలిస్తే పలకడం లేదు, పది సెకన్లు చూసినా శ్వాస సరిగా లేదు (అప్పుడప్పుడు ఎగపీల్చడం శ్వాస కాదు), వెంటనే నుదురు వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి ఊదండి, ఛాతీ లేస్తోందో లేదో ఓరగా చూస్తూ. అమెరికా పద్ధతిలో మొదట 2 సార్లు, యూరప్‌లో 5 సార్లు. తర్వాత 30 నొక్కులు, 2 ఊపిర్లు, అలా ఆపకుండా. నోట్లోంచి నురగ వస్తూనే ఉంటుంది, తుడుస్తూ కూర్చోవద్దు. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం సినిమాల్లోనే బాగుంటుంది, నిజంగా చేస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నొక్కడం మంచం మీద నేర్చుకోవద్దు, పరుపు కిందికి పోతుందే గాని ఛాతీ అణగదు. తిరుపతిలో మా వరండా గచ్చు మీద బిగుతైన దిండు పెట్టి చేయిస్తాను. మోచేతులు వంగకూడదు, భుజాలు చేతులకు సరిగ్గా పైన ఉండాలి, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి, అందరూ తప్పేది ఇక్కడే, అలసిపోయి దాని మీదే వాలిపోతారు. రెండు నిమిషాలకే అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఆగకుండా ఎక్కినంత ఆయాసం వస్తుంది, అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. పడవ ఊగుతుంటుంది కాబట్టి మోకాళ్లు ఎడంగా పెట్టండి, ఇంకొకరిని రేడియోలో సాయం పిలవమనండి.

వచ్చే పాఠం దాకా రోజూ రెండు నిమిషాలు, పైకి లెక్కపెడుతూ. ఇంట్లోవాళ్లు నవ్వితే వాళ్లను రెండో మనిషిగా కూర్చోబెట్టండి. ఆ పాఠంలో గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, తడి ఒంటి మీద దాని పట్టీలు ఎలా అంటించాలో చూద్దాం.