విలియం మోరిస్ డిజైన్ అర్థం కావాలంటే పెన్సిల్ పట్టండి

ఇంగ్లండ్‌కు చెందిన డిజైనర్ విలియం మోరిస్ గురించి చదివేవాళ్లు చాలామంది తేదీల దగ్గరే ఆగిపోతారు: 1834లో వాల్తమ్‌స్టోలో పుట్టాడు, 1861లో స్నేహితులతో కలిసి అలంకరణ పనుల కంపెనీ పెట్టాడు, 1896లో పోయాడు, అంతే. ఆయన పనితనం తెలియాలంటే మాత్రం ఒక డిజైన్ ముందేసుకుని ముక్కలు ముక్కలుగా విప్పి చూడాల్సిందే. బొమ్మలు గీయడం పెద్దగా రాకపోయినా పర్వాలేదు.

నన్నడిగితే 1883 నాటి 'స్ట్రాబెర్రీ థీఫ్' తీసుకోండి. కెల్మ్‌స్కాట్ మేనర్ అనే తన పల్లె ఇంటి తోటలో వల కప్పినా సరే, దాని కిందనుంచి దూరి పళ్లు కొట్టేసే పిట్టలను చూసి వేసిన బట్ట డిజైన్ అది. పెద్ద సైజులో ప్రింట్ తీసి ఒక పిట్ట ముక్కు కొన మీద చుక్క పెట్టండి. అదే పిట్ట, అదే వైపు చూస్తూ, పక్కన మళ్లీ ఎక్కడొచ్చిందో, కింద ఎక్కడొచ్చిందో వెతికి చుక్కలు కలిపితే దొరికే దీర్ఘచతురస్రమే అసలు డిజైన్, మిగతాదంతా రిపీట్. ఇంకో తమాషా ఉంది. ఎదురెదురు పిట్టల మధ్య నిలువుగా గీత గీసి చూడండి, ఎడమవైపుదే కుడివైపుకు అద్దంలోలా తిరిగి వచ్చింది.

తర్వాత ట్రేసింగ్ పేపర్ వేసి, పూలూ పిట్టలూ వదిలేసి, తీగలు మాత్రమే గీయండి. చాలామంది వదిలేసేది ఈ మెట్టే, అసలు విషయమంతా ఉన్నదీ ఇక్కడే. ప్రతి తీగా ఎక్కడ పుట్టి ఎటు పోతోందో కనిపించి తీరాలన్నది మోరిస్ పట్టుదల.

రంగుల దగ్గర తొందరపడకండి. 1881లో వాండిల్ నది ఒడ్డున మెర్టన్ అబ్బీలో వర్క్‌షాప్ పెట్టాక ఈ బట్టను అక్కడే అద్దారు. ముందు బట్ట మొత్తాన్ని నీలిమందులో ముంచి ముదురు నీలం చేస్తారు, బొమ్మ రావాల్సిన చోట రంగు తీసేసే మందు అచ్చుతో అద్ది తెలుపో లేత నీలమో తెస్తారు, ఎరుపు, పసుపు ఆ తర్వాతే పడతాయి. లేత నీలం మీద పసుపు పడ్డ చోటే ఆకుపచ్చ! రోజుల తరబడి సాగే పని కాబట్టి ఖరీదూ అలాగే ఉండేది. అందుకే మీరూ మూడు నాలుగు రంగులు దాటకండి.

ఇక సొంతంగా వేయాలంటే పిట్టల జోలికి పోవద్దు. 'ట్రెల్లిస్' వాల్‌పేపర్‌లో పిట్టలను మోరిస్ కూడా తన స్నేహితుడు, ఆర్కిటెక్ట్ ఫిలిప్ వెబ్ చేతే గీయించుకున్నాడు. చతురస్రపు కాగితం మధ్యలో ఒక కొమ్మ గీయండి, అంచులు తాకనివ్వకండి. నిలువుగా రెండు ముక్కలు చేసి అటుది ఇటు, ఇటుది అటు మార్చి అతికించి, మధ్యలో మిగిలిన ఖాళీని ఆకులతో నింపండి. అడ్డంగానూ అంతే. నాలుగు జిరాక్స్‌లు తీసి పక్కపక్కన పేర్చి, దూరంగా నిలబడి కళ్లు చికిలించి చూడండి. ఎక్కడైనా తెల్లటి చార కనబడితే అటుగా ఇంకో రెమ్మ సాగదీయండి.