పాత పికప్‌ని ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలా? ముందు మొత్తం విప్పేయకండి

నేను చెన్నైలో కొళత్తూరు వైపు అద్దె ఇంట్లో ఉంటా, పని చేసుకోడానికి దొరికేది వారానికి ఒక్క ఆదివారం. నా బండి 94 మోడల్ టాటామొబైల్ 206. నెల్లూర్లో మా మావయ్య ఏళ్ళ తరబడి దాంట్లో రొయ్యలు తోలాడు, ఆయన మానేశాక నాలుగేళ్ళు వేపచెట్టు కింద పడుంది, కాటాకి వేసేస్తానంటే నేనే వద్దని ఇంకో బండికి కట్టించి చెన్నై తెచ్చుకున్నా. తెలీనోళ్ళకి ఒక ముక్క: ఈ పికప్‌ని టాటా వాళ్ళు 1988లో తెచ్చారు, 1948 సీసీ డీజిల్ ఇంజను, 1991లో వచ్చిన టాటా సియెర్రా కారు దీని మీద కట్టిందే, అందుకే పార్టుల కోసం తిరిగేటప్పుడు సియెర్రావి కూడా అడగండి.

ముందు చెప్పాల్సింది ఒక్కటే. బండి రాగానే ఆవేశంతో మొత్తం విప్పేయకండి. యూట్యూబ్‌లో వాళ్ళు క్యాబిన్ లేపి, ఛాసిస్ విడిగా పెట్టి, నట్టుకి నట్టు పాలిష్ చేస్తుంటే చూడ్డానికి బానే ఉంటది, కానీ వాళ్ళకి షెడ్డుంది, క్రేనుంది, మనకున్నది మెట్ల పక్కన పది అడుగుల జాగా, అది కూడా హౌస్ ఓనర్ ఆంటీ దయ. సగం విప్పాక ఆఫీసులో పని పెరిగిందో, ఇల్లు మారాల్సొచ్చిందో, ఆ బండి ఇంక బండి కాదు, గోనెసంచుల్లో ఉన్న ఇనుము. కాబట్టి ఒకసారికి ఒక్క భాగం విప్పు, అది బిగించాకే ఇంకోటి ముట్టుకో, ఏ ఆదివారం సాయంత్రమైనా బండి నాలుగు చక్రాల మీద నిలబడి తోస్తే కదలాలి.

కొనే ముందు కాయితాలు చూడండి. పికప్‌లు ఎక్కువగా గూడ్స్ వెహికల్ కింద రిజిస్టరై ఉంటాయి, అంటే ఎల్లో బోర్డు, ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి. ఆర్సీలో ఫైనాన్స్ వాళ్ళ పేరు ఇంకా ఉందేమో చూడండి, ఉంటే ఫామ్ 35తో తీయించుకోవాలి. మన ఏపీ బండిని ఇక్కడే ఉంచుకుంటామంటే అక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, ఫామ్ 28 అంటారు, అది తెచ్చి తమిళనాడు నంబరు వేయించుకోవాలి. నాది ఏపీ 26, ఈ పనికే నెల్లూరుకి మూడుసార్లు తిరిగా. ఇంకో భ్రమ కూడా ఉంది చాలామందికి, పాత బండి కదా వింటేజ్ కింద వేయించుకోవచ్చని. 2021లో వచ్చిన ఆ రూల్ 50 ఏళ్ళు దాటిన సొంత వాడకం బండ్లకే, అది కూడా పెద్దగా మార్పులు చేయకుండా ఉంటేనే.

తర్వాత ఛాసిస్ మీద గుద్దిన నంబరు ఎక్కడుందో వెతికి, మట్టి గోకి, దాని మీద కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి. ఆర్టీవో వాళ్ళు అడిగేదీ ఇదే. ఆ జాగా మీద గ్రీజు పూసి టేపు వేసేయండి. ఎందుకంటే తుప్పు తీసే ఊపులో గ్రైండర్ ఒక్కసారి దాని మీద పోయిందనుకోండి, మీ బండికీ దొంగ బండికీ తేడా చూపించడం మీ వల్ల కాదు.

పనిముట్లు మొదట్లోనే పెద్ద సెట్టు కొనక్కర్లేదు, మంచి రింగ్ పానాల సెట్టు, ఒక సాకెట్ సెట్టు, సుత్తి, గ్రీజు గన్ చాలు. కానీ జాకీ స్టాండ్‌లు మాత్రం నాలుగూ కొనండి, ఇక్కడ పిసినారితనం వద్దు. హాలో బ్లాకుల మీద బండి నిలబెట్టి కింద దూరేవాళ్ళని చూశా, ఆ బ్లాకు పగిలే ముందు చెప్పి పగలదు. తుప్పు పట్టిన బోల్టుకి ముందు రోజు రాత్రే డీజిల్ పోసి ఉంచండి, పొద్దున్నే ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పండి, అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే వస్తది. విప్పినవి మా ఇంట్లో ఖాళీ పచ్చడి సీసాల్లో ఉన్నాయి, ఒక్కో సీసా మీద టేపు, టేపు మీద ఏ భాగమో రాసుంటది. ఫోన్లో ఫోటోలు తీయండి, ఎక్కువే తీయండి.

ఇంజను కన్నా ముందు బ్రేకులు చేయండి. ఎందుకంటే ఇంజను స్టార్టయ్యాక వీధి చివరిదాకా ఒక్క రౌండ్ వేయకుండా ఆగే మగాడు ఇంకా పుట్టలేదు. డ్రమ్ విప్పితే లోపల నల్లటి పొడి ఉంటది, దాన్ని నోటితో ఊదకండి, గాలి కొట్టొద్దు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి. వీల్ సిలిండర్లో, అంటే చక్రం దగ్గర బ్రేక్ షూలని నెట్టే చిన్న సిలిండర్లో, పిస్టన్ పట్టేసి ఉంటే, లోపల గుంటలు పడుంటే మార్చేయడమే. నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా, రబ్బరు కప్పులు బానే ఉన్నాయి కదా అని డీజిల్లో కడిగి మళ్ళీ వేశా. వారం తిరక్కుండా అవి ఉబ్బి, వెనక చక్రం పట్టేసి, డ్రమ్ము మీద నీళ్ళ చుక్క వేస్తే చుయ్‌మంది. ఆ రబ్బరుకి డీజిల్, పెట్రోల్, ఇంజనాయిల్ ఏదీ తగలకూడదంట, కడిగితే బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటది, నాలుగేళ్ళు నిలబడ్డ బండిలో అది మొత్తం దించి కొత్తది పోయాల్సిందే, సగం వాడి మూత తీసుంచిన డబ్బాది అసలు పోయొద్దు. ఎయిర్ లాక్, అంటే బ్రేక్ లైన్లో చేరిన గాలి, తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టేది) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి, మన బండ్లకి అది వెనక ఎడమది. ఇద్దరు కావాలి. పెడల్ తొక్కడానికి మా ఆవిడ కూర్చుంది, "తొక్కు, పట్టు, వదులు" అని నలభైసార్లు అరిచాక పక్కింటి తమిళావిడ ఏమైందోనని గేటు దగ్గరికొచ్చింది.

ఇంజనుకి మొదట సెల్ఫ్ కొట్టొద్దు. హీటర్ ప్లగ్‌లు (చల్లటి ఇంజను స్టార్టవడానికి లోపల వేడి చేసేవి) విప్పి, ఒక్కో రంధ్రంలో చెంచాడు ఇంజనాయిల్ పోసి, మర్నాడు ప్లగ్‌లు లేకుండానే ముందు పుల్లీకి పానా వేసి చేత్తో తిప్పండి, తిరిగితే సగం గెలిచినట్టే. పాత డీజిల్ మొత్తం దించేయాలి, ట్యాంకు అడుగున నీళ్ళు చేరితే అక్కడ సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతది, అదే ఫిల్టర్‌ని మూసేస్తది. ఇంజనాయిల్, ఫిల్టర్లు కొత్తవి వేసి, హ్యాండ్ పంపు కొట్టి డీజిల్ లైన్లో గాలి తీసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. పక్కన ఒక వెడల్పాటి చెక్కముక్క పెట్టుకోండి, డీజిల్ ఇంజను ఎప్పుడైనా ఆగకుండా రేసైపోతే తాళం తిప్పినా వినదు, గాలి వెళ్ళే దారి మూసేయడమే. చెయ్యి మాత్రం అడ్డం పెట్టకండి. ఇంజెక్టర్ దగ్గర లీకుంటే వేలు పెట్టి వెతకడం కూడా వద్దు, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దిగిపోతది.

ఇప్పుడు తుప్పు. చెన్నైలో అసలు యుద్ధం ఇదే, సముద్రపు గాలి సంగతి సరే, నా బండికి పదేళ్ళ రొయ్యల ఐసు నీళ్ళు కూడా తోడయ్యాయి, ఉప్పు నీళ్ళు వెనక బాడీ సందుల్లోంచి కారి ఛాసిస్ మీద పడి అక్కడే ఎండేవి. పైకి పెయింట్ నున్నగా కనిపించినా నమ్మకండి, స్క్రూడ్రైవర్ వెనక పిడితో కొట్టుకుంటూ పోండి, మంచి రేకు టంగుమంటది, చచ్చిన రేకు డప్పుమంటది. చూడాల్సిన చోట్లు: రబ్బరు మ్యాట్ కింద క్యాబిన్ ఫ్లోరు, డోర్ల అడుగు, ముందద్దం కింది మూలలు, వెనక కమాన్ కట్టలు బిగించిన బ్రాకెట్ల చుట్టూ ఛాసిస్. నా డ్రైవర్ కాళ్ళ కింద మ్యాట్ ఎత్తితే రోడ్డు కనపడింది.

పైపైన ఉన్న తుప్పుకి వైరు బ్రష్ కొట్టి రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పుని గట్టి పొరగా మార్చే మందు, పూస్తే చాలు. చిల్లు పడ్డ చోట అది పనికిరాదు, దాని మీద పుట్టీ పెట్టి కప్పడం మనల్ని మనం మోసం చేసుకోవడమే, మంచి రేకు తగిలేదాకా కోసేసి కొత్త ముక్క వేయాలి. ఫ్లోరుకి 18 గేజ్, బయటి రేకులకి 20 గేజ్ తీసుకోండి. కర్ర పెట్టి చేసే మామూలు ఆర్క్ వెల్డింగ్‌తో ఇంత పల్చటి రేకు కాలిపోయి ఇంకా పెద్ద చిల్లవుతది, మిగ్ మెషీన్, అంటే కర్ర బదులు సన్న వైరు వచ్చే వెల్డింగ్ మెషీన్, కావాలి. గీత గీసినట్టు ఒకే వరసలో లాగొద్దు, ఇక్కడో చుక్క, ఆ చివరో చుక్క, మధ్యలో ఇంకోటి, ప్రతిసారీ చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతిది, లేకపోతే రేకు అప్పడంలా ముడుచుకుంటది. మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి, ట్యాంకు విప్పి దూరంగా పెట్టండి, పక్కన బకెట్టుతో నీళ్ళు, ఒక తడి గోనెసంచి. ఛాసిస్ మీద మాత్రం నేర్చుకుంటూ వెల్డింగ్ చేయకండి, నేను బ్రాకెట్ల దగ్గర పని అంబత్తూర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు ఒక వర్క్‌షాప్‌లో చేయించుకున్నా.

రేకు తెల్లగా తోమిన రోజే ఎపాక్సీ ప్రైమర్ కొట్టేయాలి. రేపు చూద్దాంలే అని పడుకుంటే పొద్దునకి పసుపు నీళ్ళు చల్లినట్టు సన్నటి తుప్పు వచ్చేస్తది, ఈ ఊరి గాలికి ఒక్క రాత్రి చాలు. పుట్టీ ప్రైమర్ మీదే, రెండు మూడు మిల్లీమీటర్లు మించకుండా. డోర్ల అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రాలుంటాయి, పుట్టీతోనో పెయింట్‌తోనో వాటిని మూసేశారంటే మళ్ళీ మొదటికే.

పెయింట్ గురించి ఎక్కువ చెప్పను, ఇంటి దగ్గర పీయూ (పాలీయూరితేన్) పెయింట్ కొట్టకండి, గట్టిపడ్డానికి కలిపే దాంట్లో ఐసోసైనేట్లు ఉంటాయి, గుడ్డ మాస్కుకి ఆగవు, బూత్ ఉన్నోళ్ళకి ఇచ్చేయండి. డ్యూకో, అంటే థిన్నర్ ఆరితే గట్టిపడే పాత రకం పెయింట్, అయితే కొట్టుకోవచ్చు, కానీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో వద్దు, థిన్నర్ ఆరేటప్పుడు రేకు చల్లబడి గాల్లో తేమ దాని మీద చేరి పెయింట్ పాలిపోయినట్టు తెల్లగా అవుతది. ఫిబ్రవరి, మార్చిలో కొట్టండి. రంగు మారిస్తే ఆర్సీలో కూడా మార్పించాలి.

పార్టులకి చెన్నైలో పాత బండ్ల పార్టుల బజారు పుదుపేట. పాత పార్టు చేతిలో పట్టుకునే వెళ్ళండి, ఫోటో చూపిస్తే దగ్గర దగ్గరగా ఉండేది అంటగడతారు. తమిళం రాకపోయినా పర్లేదు, "అన్నే, ఇదు మాదిరి" అని పార్టు చూపిస్తే చాలు, బేరం మాత్రం సగం నుంచి మొదలెట్టండి. ఇంజను కొనాల్సొస్తే బిల్లు లేకుండా కొనొద్దు, కొత్త ఇంజను నంబరు ఆర్సీలో ఎక్కాలి. సీటు కవర్లు, మ్యాట్‌లు, స్టీరియోలకైతే జీపీ రోడ్డు.

మాడిఫికేషన్ సంగతికొస్తే, మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అందుకని బండి ఎత్తు లేపడం, బయటికి పొడుచుకొచ్చే టైర్లు వేయడం లాంటివి ఎఫ్‌సీ దగ్గరే ఆగిపోతాయి. పనికొచ్చేవి చేయండి. హెడ్‌లైట్లకి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి) పెట్టండి, రెండు 55 వాట్ల బల్బులు కలిపి తొమ్మిది ఆంపియర్ల పైన లాగుతాయి, పాత బండ్లలో అదంతా డాష్‌బోర్డు స్విచ్చిలోంచే పోయి స్విచ్చి కాలుద్ది, రిలే పెట్టాక నా లైట్లు కొత్తవి వేసినట్టయ్యాయి. మంచి సీటు బెల్టులు వేయించండి. ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుందని కట్టల్లో ఒకటి తీసేయమని చాలామంది సలహా ఇస్తారు, వినకండి. కట్టల్ని విప్పి, తుప్పు గోకి, మధ్యలో గ్రీజు రాసి, బుష్‌లు కొత్తవి వేస్తే నాకు సగం కుదుపు తగ్గింది.

చివరికి అన్నీ అయ్యాక కూడా నాకు ఒక్కటి మాత్రం వదల్లేదు, మొదటి వాన పడగానే క్యాబిన్‌లో రొయ్యల వాసన. షాంపూ, వేపాకు, కర్పూరం, నిమ్మకాయ, అన్నీ చేశా. కడిగితే పోదు, సీటు ఫోమ్ మార్చేయండి.